క్రెటా ఎలక్ట్రిక్‌నా, కర్వ్ ఈవీనా? నల్లగొండ, పాలమూరు ఇళ్ల కోసం లెక్క కట్టి ఎంచుకునే తీరు

మిర్యాలగూడ నుంచి మా బావ ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది: “బామ్మర్దీ, రెండిట్ల ఏది ఎక్కువ దూరం వస్తది?” ఆయన మూడు నెలలు వీడియోలు చూశాడు. స్క్రీన్ ఎన్ని అంగుళాలో, సన్‌రూఫ్ ఎట్లా తెరుచుకుంటుందో, ఎన్ని సెకన్లలో వంద స్పీడు అందుకుంటుందో అన్నీ నోటికి వచ్చు. ఇంటి మీటరు లోడు ఎంత అని నేను అడిగితే మాత్రం ఫోన్ పక్కన పెట్టి పాత బిల్లు వెతుక్కోవలసి వచ్చింది.

ఈ మార్గదర్శి ఆ ఫోన్ కాల్‌తోనే మొదలైంది. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్, టాటా కర్వ్ ఈవీ రెండూ మధ్యస్థాయి ఎస్‌యూవీలే, పొడవు దాదాపు సమానం, పెద్ద బ్యాటరీ తీసుకుంటే ధర ఇరవై లక్షల అటూ ఇటూ. వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి షోరూం మెట్లు ఎక్కేముందే సగం పని ఇంట్లో అయిపోవాలి. ఆ వరుసలోనే చెప్తాను.

మొదటి మెట్టు: ఏడాది ప్రయాణాలు కాగితం మీద పెట్టండి

గడిచిన పన్నెండు నెలల్లో బండి ఎక్కడెక్కడికి పోయిందో ఇంట్లో అందరూ కూర్చుని రాయండి. రోజువారీ తిరుగుడు ఒక వరుస. పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేవి ఒక వరుస. రాత్రి బస చేసేవి ఇంకొకటి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తెరిస్తే మరిచిపోయిన ప్రయాణాలు కూడా బయటపడతాయి.

నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. పోను రాను 200, సిటీలో తిరిగింది 40 కలిపితే 240. ఈ రెండు బండ్లలో పెద్ద బ్యాటరీది ఏదైనా దీనికి తడుముకోదు. పొద్దున ఇంట్లో నింపుకుని పోతే, దారిలో ఛార్జర్ ముఖం చూడకుండా ఇంటికి చేరతారు. మన రెండు ఊళ్ల వాళ్లకు ఇది పెద్ద వరం, ఎందుకంటే మన ‘దూర ప్రయాణం’ ఎక్కువ సార్లు హైదరాబాదే.

మిర్యాలగూడ లెక్క వేరు. అక్కడి నుంచి హైదరాబాద్ దాదాపు 150. పోను రాను, సిటీ కలిపి 340. ఏసీ వేసుకుని హైవే మీద తొంభై, వంద స్పీడులో పోతే ఈ సైజు బండి యూనిట్‌కు ఆరు నుంచి ఆరున్నర కిలోమీటర్లు ఇస్తుందని అనుకోండి. ఇక్కడ బ్యాటరీ కెపాసిటీ గురించి ఒక మాట: కిలోవాట్ అవర్ అని రాసేది మన కరెంటు బిల్లులోని యూనిటే. క్రెటా పెద్ద బ్యాటరీ 51.4 యూనిట్లు, కర్వ్ పెద్ద బ్యాటరీ 55 యూనిట్లు. యూనిట్‌కు 6.2 కిలోమీటర్లు వేసుకుంటే మొదటిది 319, రెండోది 341. సున్నా దాకా ఎవరూ నడపరు. అంటే 340 కిలోమీటర్ల రోజున రెండిటికీ దారిలో కొంత ఛార్జింగ్ తప్పదు.

బావ అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. రెండు బ్యాటరీల తేడా 3.6 యూనిట్లు, ఒకే మైలేజీ అనుకుంటే 22 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి తిప్పర్తి దాటినంత దూరం. అంత తేడా కోసం బండి ఎంచుకుంటే, మిగతా విషయాల్లో తప్పటడుగు పడొచ్చు.

రెండో మెట్టు: ఇంటి కరెంటు చూపించండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగాలి. కొన్న తరువాత బాధపడేవాళ్లలో చాలామందికి బండితో పేచీ ఉండదు, గోడలోని వైరుతో ఉంటుంది.

ముందు మీటరు లోడు చూడండి. మన ఇళ్లు చాలావాటికి రెండు, మూడు కిలోవాట్లే ఉంటుంది. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్ ఒక్కటే 32 ఆంపియర్లు లాగుతుంది. దానితోపాటు ఏసీ, గీజర్, మోటరు నడిస్తే పాత లోడు ఏ మూలకూ చాలదు. టీజీఎస్‌పీడీసీఎల్ కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి, సెక్షన్ ఏఈతో ఒకసారి మాట్లాడండి. లోడు అంత పెరిగితే సాధారణంగా త్రీ ఫేజ్ మీటరుకు మారమంటారు. బండి బుక్ చేసిన రోజే ఈ దరఖాస్తు పడాలి, బండి ఇంటి ముందుకు వచ్చాక కాదు.

త్రీ ఫేజ్ వస్తే క్రెటాకు ఒక లాభం ఉంది. అది 11 కిలోవాట్ల ఏసీ ఛార్జింగ్ (ఇంటి కరెంటుతో నింపేది) తీసుకోగలదు, 10 శాతం నుంచి నిండడానికి 4 గంటల 50 నిమిషాలని కంపెనీ లెక్క. కర్వ్ 7.2 దగ్గర ఆగుతుంది, దాదాపు ఎనిమిది గంటలు. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఆరుకు తీసే ఇంటికి ఈ తేడాతో పని లేదు. రోజుకు రెండు విడతలు బయటికి పోయే డాక్టరుకు, కాంట్రాక్టరుకు పని ఉంది. క్రెటాకు ఆ 11 కిలోవాట్ల గోడ ఛార్జర్ విడిగా కొనాలి, బండి విడుదలైనప్పుడు దాని ధర 73,000 రూపాయలు.

మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టినా రెండూ ఛార్జ్ అవుతాయి. గంటకు రెండు, మూడు యూనిట్లు ఎక్కుతాయి, ఖాళీ బ్యాటరీ నిండడానికి దాదాపు ఒక రోజు. రోజుకు 40 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు అది చాలు కూడా. ఆ ప్లగ్గుకు పాత వైరు కాకుండా మీటరు బోర్డు నుంచి విడిగా కొత్త లైను లాగించండి. గంటల తరబడి నిండు లోడు మోసే పాయింటు అది, ఇస్త్రీ పెట్టెకు వాడినట్టు వాడే పాయింటు కాదు.

7.2 కిలోవాట్ల ఛార్జర్‌కు ఎలక్ట్రీషియన్‌కు చెప్పాల్సినవి: 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు (ఇరవై మీటర్లు దాటితే 10 చదరపు మిల్లీమీటర్లది), 40 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు), అందులోనూ ‘ఏ’ రకం.

ఇక ఎర్తింగ్. నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్ దిక్కు నేల కింద గ్రానైటు బండ. ఎండాకాలం పైమట్టి ఎండి ఇటుకలా అవుతుంది. ఇల్లు కట్టినప్పుడు పాతిన ఎర్తు పైపు ఉంటుంది గానీ పని చేయదు. ఫ్యాన్లకు, టీవీకి తేడా తెలియదు. ఎలక్ట్రిక్ బండి మాత్రం ఎర్తు సరిగా లేకపోతే ఛార్జింగ్ మొదలే పెట్టదు, లేదా అర్ధరాత్రి ఆపేస్తుంది. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు, మూడు వోల్టులకు మించితే కొత్త గుంత తీయించండి, బొగ్గు, ఉప్పు పోయించండి, పైన గరాటు పెట్టించి ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి. బావ ఇంట్లో కొలిస్తే 14 వోల్టులు వచ్చింది. బండి కొనకపోయినా చేయించుకోవలసిన పని అది, పిల్లలు తిరిగే ఇల్లు.

ఊళ్లో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. బావి దగ్గర వ్యవసాయ కనెక్షన్‌కు కారు ఛార్జింగ్ పెట్టొద్దు. ఆ ఉచిత కరెంటు పంటకు ఇచ్చింది. పట్టుబడితే కేసు, పట్టుబడకపోయినా అది తప్పు.

మూడో మెట్టు: బిల్లు నిజంగా ఎంత వస్తుంది

కిలోమీటరుకు రూపాయి అని అందరూ చెప్తారు. మన స్లాబులతో చేతిలెక్క వేసి చూడండి, కొంచెం ఎక్కువే వస్తుంది.

నెలకు 1500 కిలోమీటర్లు అనుకుందాం. యూనిట్‌కు ఆరున్నర చొప్పున 231 యూనిట్లు, ఛార్జింగ్‌లో పోయేది కలిపితే గోడ నుంచి తీసేది 260 దాకా. ఇంట్లో ఇప్పటికే నెలకు 200 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. బండి వచ్చాక మొత్తం 460 అవుతుంది. రెండు వందలు దాటగానే స్లాబే మారిపోతుంది: మొదటి 200 యూనిట్లకు 5.10, తరువాతి వందకు 7.70, ఆపై వందకు 9, మిగతా 60కి 9.50. మొత్తం 3,260. పెరిగింది 2,440. అంటే బండికి పోసిన ప్రతి యూనిట్ తొమ్మిది రూపాయల పైన పడింది, కిలోమీటరుకు 1.63.

అయినా పెట్రోలుతో పోలికే లేదు. లీటరు 107, మైలేజీ 13 అనుకుంటే అదే 1500 కిలోమీటర్లకు 12,300 రూపాయలు. డీజిల్ బండి 18 ఇస్తుందనుకున్నా ఎనిమిది వేల దగ్గర. నెలకు 500 కిలోమీటర్లు కూడా తిరగని ఇంటికి మాత్రం ఈ మిగులు మూడో వంతుకు పడిపోతుంది. అలాంటివాళ్లు ఎలక్ట్రిక్‌కు పెట్టే అదనపు సొమ్ము గురించి ఇంకోసారి ఆలోచించాలి.

మన ఎండకు సరైన జోడి ఇంటి మీది సోలార్. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు దాదాపు 350 యూనిట్లు ఇస్తాయి, పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు. నెట్ మీటరింగ్‌తో పగలు గ్రిడ్డుకు పోయింది రాత్రి బండికి తిరిగి వస్తుంది. ఖరీదైన పై స్లాబు యూనిట్లే మొదట తగ్గుతాయి కాబట్టి పెట్టిన డబ్బు త్వరగా తేరుతుంది. బండి, సోలార్ రెండూ ఒకే ఏడాది పెట్టుకునే స్తోమత లేకపోతే, నా ఓటు: చిన్న వేరియంట్ బండి, పైన సోలార్.

నాలుగో మెట్టు: బ్రోచర్ అంకెలను ఒకే తూకంలో వేయండి

కర్వ్ ఈవీ 2024 ఆగస్టులో విడుదలైనప్పుడు 55 యూనిట్ల బ్యాటరీకి 585 కిలోమీటర్లు అని ప్రకటించారు. తరువాత అదే బండికి 502 అని వచ్చింది. బ్యాటరీ తగ్గలేదు. కొలిచే పద్ధతి మారింది. మునుపు సిటీ తరహా భాగం ఒక్కటే కొలిచి చెప్పేవారు, ఇప్పుడు వేగంగా నడిపే భాగాన్ని కూడా కలిపి చెప్పాలి. 2025 జనవరిలో వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్ 51.4 యూనిట్లకు విడుదల అంకె 473. పాత బ్రోచర్ 585ను 473 పక్కన పెట్టి ‘నూట పది తేడా’ అని చెప్పిన సేల్స్ కుర్రాడిని నేను ఒక షోరూంలో చూశాను. ఆ పిల్లవాడికి అదే నేర్పారు. మీరు మాత్రం రెండు అంకెలూ ఏ పద్ధతివో అడగండి, తరువాత రెండిటినీ పక్కన పెట్టి బ్యాటరీ యూనిట్లను ఆరుతోనో, ఆరున్నరతోనో గుణించుకోండి.

వేగం మాట తొందరగా ముగిస్తాను. సున్నా నుంచి వంద స్పీడుకు క్రెటా 7.9 సెకన్లు, కర్వ్ 8.6. మన రోడ్ల మీద రెండూ అవసరానికి మించినవే.

ఐదో మెట్టు: బ్యాటరీ లోపల ఏముంది, మన ఎండకు ఏది తట్టుకుంటుంది

మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూడడం మనకు కొత్త కాదు. రేకుల షెడ్డు కింద ఆపిన కారు లోపల ఇంకెంత ఉంటుందో చెప్పనక్కర లేదు. అందుకే బ్యాటరీ రకం మనకు ముఖ్యం.

కర్వ్‌లో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, పొట్టిగా ఎల్‌ఎఫ్‌పీ. క్రెటాలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ. రెండిటికీ ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది, కాబట్టి ఎండలో నడిపితే చెడిపోతుందన్న భయం వద్దు. తేడా వాడకంలో ఉంటుంది. ఎల్‌ఎఫ్‌పీ బరువు ఎక్కువ, కానీ ఎక్కువ సార్లు నింపి ఖాళీ చేసినా ఓర్చుకుంటుంది, వేడికి నిబ్బరంగా ఉంటుంది, మాటిమాటికీ వంద శాతం పెట్టినా ఇబ్బంది లేదు. ఎన్‌ఎంసీ అదే బరువులో ఎక్కువ శక్తి పట్టుకుంటుంది. రోజువారీ 80 శాతం దగ్గర ఆపి, దూరం పోయేరోజే నిండుగా పెడితే ఎక్కువ కాలం ఆరోగ్యంగా ఉంటుంది. నిండా పెట్టి మే ఎండలో మూడు రోజులు నిలిపేయడం దానికి పడదు.

ఇంట్లో నలుగురు నడిపే బండి అయితే ఈ 80 శాతం క్రమశిక్షణ ఎవరు పాటిస్తారో మీకే తెలుసు. యాప్‌లో పరిమితి పెట్టుకోవచ్చు, అది నిజం.

వారంటీ పత్రం ఇక్కడే చదవండి. క్రెటా బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. కర్వ్‌కు 2025 నుంచి మొదటి యజమానికి, సొంత వాడకానికి, కిలోమీటర్ల పరిమితి లేకుండా జీవితకాలం, అంటే రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు. బండి అమ్మితే రెండో యజమానికి 8 ఏళ్ల నిబంధనే. ఐదేళ్లకు బండి మార్చే అలవాటు ఉన్నవాళ్లకు రెండూ ఒకటే. పన్నెండేళ్లు ఉంచుకునే ఇంటికి ఇది పెద్ద విషయం. బావ పాత డీజిల్ బండిని పద్నాలుగేళ్లు నడిపిన మనిషి, ఈ వాక్యం దగ్గర ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

బ్యాటరీ సెల్లులంటే ఎక్కడో విదేశాల్లో తయారయ్యే వస్తువని మనవాళ్లు అనుకుంటారు. పాలమూరు పక్కనే దివిటిపల్లిలో అమరరాజా గిగా కారిడార్‌కు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. మన మట్టి మీద ఆ పని జరుగుతుండడం నాకు గర్వంగా ఉంటుంది.

ఆరో మెట్టు: చేతికి వచ్చే ధర

విడుదల ధరల్లో క్రెటా ఎలక్ట్రిక్ 17.99 లక్షలతో, కర్వ్ ఈవీ 17.49 లక్షలతో మొదలయ్యాయి. అవి చిన్న బ్యాటరీవి, 42, 45 యూనిట్లు. పెద్ద బ్యాటరీ కావాలంటే కర్వ్ 19.25 దగ్గర దొరికింది, క్రెటాకు 21.50 పెట్టాల్సి వచ్చింది. తరువాత వేరియంట్లు, ఆఫర్లు మారుతూ వచ్చాయి కాబట్టి కొత్త కొటేషన్ తీసుకోండి. పోల్చాల్సింది ఎప్పుడూ పెద్ద బ్యాటరీతో పెద్ద బ్యాటరీని. ‘మొదలు ధర’ పోలికలు మనల్ని తికమక పెట్టడానికే.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. ఇంత ధర పెట్రోలు బండికైతే లైఫ్ ట్యాక్స్ లక్షల్లో పడుతుంది. కొటేషన్‌లో ‘ఆర్టీవో ఖర్చులు’ అని పెద్ద మొత్తం కనిపిస్తే విడగొట్టి రాయమనండి. నంబరు ప్లేటు, స్మార్ట్ కార్డు లాంటి చిన్న ఖర్చులుంటాయి, అంతకు మించినది ఎందుకో వాళ్లే చెప్పాలి. డిసెంబర్ చివర్లో బుక్ చేస్తే డెలివరీ తేదీ ఏ పక్కకు పడుతుందో రాతలో తీసుకోండి, మాఫీ రిజిస్ట్రేషన్‌ను బట్టి వస్తుంది.

ఇంకో మాట వినిపిస్తుంది: “లోన్ తీసుకుంటే వడ్డీ మీద లక్షన్నర ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు.” ఆ 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. ఇప్పుడు తీసుకునే లోనుకు వర్తించదు.

ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాలకు తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్)తో పాటు బ్యాటరీకి నీళ్లు, షార్ట్ సర్క్యూట్ వల్ల జరిగే నష్టాన్ని భరించే కవర్ ఉందో లేదో, గోడకు బిగించిన ఛార్జర్ కూడా అందులో వస్తుందో లేదో అడగండి.

ఏడో మెట్టు: ఇంటిల్లిపాదితో కూర్చుని చూడండి

ఒక్కరే పోయి టెస్ట్ డ్రైవ్ చేసి రావద్దు. వెనక సీట్లో కూర్చునేవాళ్లే ఈ మెట్టు మీద న్యాయమూర్తులు.

కర్వ్ పైకప్పు వెనక్కు జారుతుంది, చూడ్డానికి అందం అదే. ఎత్తైనవాళ్లు వెనక కూర్చుంటే తల దగ్గర చోటు తగ్గేదీ అందుకే. క్రెటా పైకప్పు సమంగా పోతుంది, తలకు ఇబ్బంది లేదు. అయితే అడుగున బ్యాటరీ ఉండడంతో నేల కొంచెం లేచి, వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకి వస్తాయి, తొడ కింద ఆసరా తగ్గుతుంది. ఇది ఐదు నిమిషాల్లో తెలియదు. అరగంట కూర్చోవాలి. అక్క వాళ్ల అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమెను రెండు బండ్లలోనూ ఎక్కించి దించాం. సీటు ఎత్తు రెండిట్లోనూ బాగుందంది. కర్వ్ తలుపు పిడి లోపలికి అమరి ఉంటుంది, దాన్ని నొక్కి లాగడం ఆమెకు నాలుగో సారికి అలవాటైంది.

డిక్కీ కర్వ్‌ది 500 లీటర్లు, క్రెటాది 433. ముందు బానెట్ కింద క్రెటాకు 22 లీటర్లు, కర్వ్‌కు 11.6. బియ్యం బస్తా వేసుకునే ఇల్లయితే డిక్కీ అంచు ఎంత ఎత్తుందో చూడండి. డిక్కీ నేల ఎత్తి చూపించమనండి: స్టెప్నీ ఉందా, పంక్చర్ కిట్టేనా అన్నది మీరు కొనే వేరియంట్‌లోనే చూసుకోవాలి. నల్లమల మధ్యలో టైరు పక్క గోడ చీలితే పంక్చర్ కిట్టు పనికిరాదు.

టైర్ల మాట వచ్చింది కాబట్టి: క్రెటాకు 215/60 ఆర్17, కర్వ్ పెద్ద వేరియంట్లకు 215/55 ఆర్18. లెక్క కడితే క్రెటా టైరు పక్క గోడ 129 మిల్లీమీటర్లు, కర్వ్‌ది 118. గుంత తగిలినప్పుడు రిమ్ముకు, రాయికి మధ్య ఉండేది ఆ రబ్బరే. కొల్లాపూర్, దేవరకొండ మండలాల లోపలి రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లకు ఆ పదకొండు మిల్లీమీటర్లు విలువైనవి.

రెండిటికీ అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. కర్వ్ ఈవీకి 2024లో భారత్ ఎన్‌క్యాప్ (మన దేశపు క్రాష్ టెస్ట్) ఐదు నక్షత్రాలు ఇచ్చింది, పెద్దల రక్షణలో 32కి 30.81. క్రెటా గురించి అడిగేటప్పుడు ఎలక్ట్రిక్ మోడల్‌కు వచ్చిన ఫలితమే చూపించమనండి, పెట్రోలుది కాదు.

ఎనిమిదో మెట్టు: టెస్ట్ డ్రైవ్‌లో మీరు కొలవాల్సినవి

మధ్యాహ్నం రెండింటికి పోండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాదు. ఎండలో ఆపిన బండిని తీసుకుని ఏసీ 24లో పెట్టి వెనక సీటు ఎన్ని నిమిషాల్లో చల్లబడుతుందో చూడండి. సన్‌రూఫ్ కింద తెర వేసినా వేడి దిగుతోందా, చెయ్యి పెట్టి చూడండి. ట్రిప్ మీటర్‌ను సున్నా చేసి కనీసం ఇరవై కిలోమీటర్లు, మీరు మామూలుగా నడిపే వేగంతో నడపండి. యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో స్క్రీన్ చెప్తుంది. రెండు బండ్లకూ ఒకే రోడ్డు, ఒకే మనుషులు, ఒకే ఏసీ. నేను పైన వాడిన 6.2 స్థానంలో మీ అంకె పెట్టుకుని లెక్క మళ్లీ వేయండి. క్రెటా కొంచెం తక్కువ తాగితే ఆ 22 కిలోమీటర్ల తేడా ఇక్కడే చెరిగిపోవచ్చు.

నలుగురు ఎక్కి, ఊరి లోపలి ఎత్తు స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా దాటించి చూడండి. బ్యాటరీ ఉండేది అడుగునే, అక్కడ గీత పడనివ్వకూడదు.

తొమ్మిదో మెట్టు: దూరం పోయేరోజు

రెండు బండ్లూ సీసీఎస్2 రకం ఛార్జింగ్ గన్నునే వాడతాయి, కాబట్టి ఛార్జర్ దొరకడంలో తేడా లేదు. దొరికాక తేడా ఉంది. కర్వ్ పెద్ద బ్యాటరీ 70 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది, 10 నుంచి 80 శాతానికి 40 నిమిషాలు. క్రెటా 50 కిలోవాట్ల ఛార్జర్ మీద 58 నిమిషాలు. కానీ ఆ స్టేషన్‌లో ఉన్నది 30 కిలోవాట్లదైతే ఇద్దరికీ ఒకటే నిరీక్షణ. పక్క గన్నుకు ఇంకో బండి తగిలిస్తే పవర్ సగమయ్యే యంత్రాలూ ఉన్నాయి.

నల్లగొండ నుంచి తిరుపతి తీసుకోండి: మిర్యాలగూడ, వాడపల్లి, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా దాదాపు 490 కిలోమీటర్లు. ఇంటి నుంచి నిండుగా బయలుదేరి 15 శాతం దాకా వాడి, ఒకచోట 80కి పెట్టి, మళ్లీ 15 దాకా వాడితే కర్వ్ 511 కిలోమీటర్లు అందుకుంటుంది, క్రెటా 478. అంటే ఒకే మైలేజీ మీద కర్వ్‌కు ఒక్కసారి ఆగితే సరిపోతుంది, క్రెటాకు అదే స్టాప్‌లో ఇంకాసేపు ఉండాలి లేదా రెండోసారి ఆగాలి. ఏడాదికి ఒక్కసారి తిరుపతి పోయే ఇంటికి ఇదేమీ లెక్కలోది కాదు. నెలకు రెండుసార్లు బెంగళూరు పోయే పాలమూరు వ్యాపారికి లెక్కలోదే.

విజయవాడ హైవే మీద, జడ్చర్ల నుంచి కర్నూలు దాకా 44వ నంబరు హైవే మీద స్టేషన్లు తగులుతుంటాయి. శ్రీశైలం దారి అట్లా కాదు. అచ్చంపేట దాటాక అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర బండ్లను పోనివ్వరు. సాయంత్రం దర్శనం చేసుకుని, ఛార్జర్ దగ్గర వరుసలో గంట ఆలస్యమైతే, తొమ్మిది దాటిపోయి రాత్రంతా అక్కడే. అందుకని శ్రీశైలం పోయేవాళ్లు దిగగానే ముందు బండిని ఛార్జింగ్‌కు పెట్టి, తరువాత గుడికి పోవాలి. దోమలపెంట నుంచి డ్యామ్ వైపు దిగేటప్పుడు రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటరే కరెంటు చేసే ఏర్పాటు) గట్టిగా పెట్టుకుంటే బ్రేకులకు పని తగ్గుతుంది, బ్యాటరీకి కొంత తిరిగి చేరుతుంది.

బయటి ఛార్జింగ్ యూనిట్‌కు ఇరవై రూపాయల పైన పడడం మామూలు, 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. రెండు, మూడు కంపెనీల యాప్‌లు ముందే ఫోన్లో వేసుకుని కొంచెం డబ్బు నింపుకోండి. స్టేషన్ మ్యాప్‌లో కనిపించడం చాలదు, ఆ వారంలో ఎవరైనా అక్కడ ఛార్జ్ చేసినట్టు రాశారో లేదో చూడండి.

పదో మెట్టు: సర్వీసు సెంటర్‌కు పోయి నిలబడండి

షోరూంకు కాదు, వెనకున్న వర్క్‌షాపుకు. హై వోల్టేజీ పని నేర్చిన టెక్నీషియన్ ఇక్కడే ఉన్నాడా, లేక బ్యాటరీ సమస్య వస్తే బండిని హైదరాబాద్ పంపుతారా? పంపితే టోయింగ్ ఖర్చు ఎవరిది? ఆ రోజు సర్వీసుకు వచ్చిన అదే మోడల్ యజమానులు ఇద్దరితో పది నిమిషాలు మాట్లాడండి. సాఫ్ట్‌వేర్ ఇబ్బందులు, విడిభాగాలకు పట్టిన రోజులు వాళ్లే చెప్తారు. ఈ జవాబులు ఒక కంపెనీ పక్కన స్పష్టంగా మొగ్గితే, నేనైతే పైన చెప్పిన చిన్న తేడాలన్నీ వదిలేసి అటే పోతాను.

ఎవరికి ఏది

బావ కర్వ్ 55 బుక్ చేశాడు. బండిని పన్నెండేళ్లకు తక్కువ ఉంచడు, వెనక కూర్చునేది అత్తమ్మ, ఇద్దరు పిల్లలు, మిర్యాలగూడ–హైదరాబాద్ రోజుల్లో ఛార్జర్ దగ్గర పావుగంటలో పని అయిపోవాలి. మిగిలిన రెండు లక్షల పైచిలుకు సోలార్‌కు పెట్టాడు. అదే నెలలో మహబూబ్‌నగర్‌లో నా మిత్రుడు క్రెటా తీసుకున్నాడు. కొడుకులిద్దరూ ఆరడుగుల పైన, ఇంట్లో ముందునుంచే త్రీ ఫేజ్, రోజూ కొల్లాపూర్ దిక్కు సైట్లకు పోతాడు, ఆరేడేళ్లకు బండి మారుస్తాడు. ఇద్దరిదీ సరైన ఎంపికే అని నా నమ్మకం.

మీ కాగితం మీద 300 దాటే ఒక్కరోజు ప్రయాణాలు నెలకు నాలుగైదు కనిపిస్తే, ఈ రెండిటి దగ్గరే ఆగకండి. ఇంకొంత పెట్టి 75, 79 యూనిట్ల బ్యాటరీ ఉన్న హ్యారియర్ ఈవీ, మహీంద్రా బీఈ 6 లాంటివి చూడడమే మేలు.

డెలివరీ రోజు

పగటి వెలుతురులో తీసుకోండి. తయారైన నెల, ఓడోమీటర్, టైర్ల తేదీలు, బ్యాటరీ వారంటీ పత్రంలో మీ పేరు, ఛాసిస్ నంబరు సరిచూసుకోండి. అక్కడే ఒకసారి ఏసీ గన్ను (ఇంటి తరహాది), ఒకసారి డీసీ గన్ను (బయటి ఫాస్ట్ ఛార్జర్‌ది) పెట్టించి రెండూ ఎక్కుతున్నాయో చూడండి. ఇంటికి వచ్చాక మొదటి ఛార్జింగ్‌కు ముందు కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీయండి, నిండాక మళ్లీ తీయండి. గోడ నుంచి ఎన్ని యూనిట్లు పోయాయో, బండికి ఎన్ని చేరాయో ఆ రెండు ఫోటోలు చెప్తాయి. గంట అయ్యాక ప్లగ్గు మీద, ఎంసీబీ మీద అరచెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి తీసేయాలనిపించేంత వేడి ఉంటే అప్పుడే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.